ధ్రువ జలాలకు విహారయాత్రా? విజ్ఞానయాత్రా?

ఈ మధ్య కాలంలో ఆంగ్ల పత్రికలలో ఒక కొత్త రకపు ప్రకటన కానవస్తున్నది. తెల్లని మంచుకొండల నడుమ ఒక నౌక. దాని ముందర రబ్బరు పడవలో ఎర్రని కోట్లు ధరించిన పదిమంది యాత్రికులు. దూరాన మంచుపలకపై ఒక ధ్రువపు ఎలుగుబంటి. క్రింద 'ఎక్స్‌పెడిషన్ క్రూజ్' అని వ్రాసి ఉంటుంది. రెండు వారాల ప్రయాణమునకు ఒక్కొక్కరు చెల్లించవలసిన సొమ్ముతో మన పట్టణంలో ఒక సామాన్య కుటుంబం ఏండ్ల తరబడి గడుపుకొనవచ్చును. డబ్బున్నవారు తమ డబ్బును ఏ విధంగా ఖర్చు చేసుకొనవలెనో చెప్పడం మా ఉద్దేశం కాదు. మా అభ్యంతరమంతా ఆ మొదటి మాటపైననే. ఎక్స్‌పెడిషన్ అనగా ఒక పని పెట్టుకొని, ఒక ప్రశ్నను వెంట తీసుకొని పోయే ప్రయాణం. తిరిగి వచ్చునప్పుడు ఆ ప్రశ్నకు ఎంతో కొంత సమాధానం తేవలసి ఉంటుంది. క్రూజ్ అనగా విహారం. ఈ రెండింటినీ ముడివేసి ఒకే ధరకు అమ్ముతున్నారు.

ఇబ్న్ బతూతా పేరు మన ఉర్దూ విద్యార్థులకు కొత్త కాదు. 14వ శతాబ్దంలో మొరాకో నుండి బయలుదేరి ఢిల్లీ చేరి, ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఆ మహాయాత్రికుడు, తన గ్రంథంలో ఉత్తరాన ఉన్న 'చీకటి దేశము'ను గురించి ప్రస్తావించినాడు. వోల్గా ప్రాంతపు బుల్గార్ నగరం నుండి అది నలువది రోజుల ప్రయాణమట. కుక్కలు లాగే బండ్లపై తప్ప అక్కడికి పోవడం కుదరదట. వర్తకులు తమ సరుకును ఒకచోట ఉంచి వెనుకకు మరలుతారు; మరునాడు వచ్చి చూచేసరికి ఆ సరుకు ప్రక్కన ఎవరో విలువైన బొచ్చుతోళ్లు పెట్టి పోయి ఉంటారు. బేరమాడినవారు మనుషులో జిన్నులో వర్తకులకు తెలియదు. తానును పోవలెనని తలచి, ఖర్చు అధికం, ప్రయోజనం స్వల్పం అని ఎంచి మానుకొన్నానని ఆయన చెప్పుకొన్నాడు. ఆయన అసలు బుల్గార్ దాకానైనా వెళ్లినాడా అని పండితులు సందేహించినారు, అది వేరే సంగతి. అంత లోకం తిరిగిన మనిషి ఒక ప్రయాణాన్ని ప్రయోజనమనే త్రాసులో తూచి దించివేయడం మాకు నచ్చిన విషయం.

ఆ 'చీకటి దేశము'లో ఉన్నది జిన్నులు కారు, మనుషులే. వారి మాట వినకపోవడం వలన ఎంత నష్టం కలిగినదో చరిత్ర చెబుతున్నది. 1845లో సర్ జాన్ ఫ్రాంక్లిన్ అను ఆంగ్ల నౌకాధిపతి 'ఎరెబస్', 'టెర్రర్' అను రెండు ఓడలతో, కెనడాకు ఉత్తరాన మంచుదీవుల మధ్యగా పసిఫిక్ సముద్రమునకు దారి వెదుకబోయినాడు. 129 మందిలో ఒక్కరును తిరిగి రాలేదు. ఆకలితో వారు ఏ విధంగా అంతమొందినారో ఇనూయిట్ ప్రజలు చెప్పగా విని, 1854లో జాన్ రే అను వైద్యుడు లండనుకు తెలియజేసినాడు. లండను నగరం నమ్మలేదు సరికదా, చార్లెస్ డికెన్స్ అంతటి రచయిత ఆ ప్రజలనే నిందించి వ్యాసాలు వ్రాసినాడు. చివరకు ఆ ఓడలు 2014లో ఒకటి, 2016లో ఒకటి సముద్రగర్భంలో కనబడినవి. రెండవది ఒక ఇనూయిట్ నావికుడు చెప్పిన గుర్తును బట్టి దొరికినది. నార్వే దేశీయుడైన రోఆల్డ్ అముండ్‌సెన్ మాత్రం 1903లో 'యోవా' అను చిన్న ఓడలో ఆరుగురు సహచరులతో బయలుదేరి, అక్కడివారి వద్ద రెండు శీతకాలాలు ఉండి, తోలు దుస్తులు ధరించడం, కుక్కల బండి నడపడం నేర్చుకొని, 1906లో ఆ మార్గాన్ని దాటినాడు. విద్యార్థి అనగా అట్టివాడు.

అదే మార్గంలో 2016 సంవత్సరంలో 'క్రిస్టల్ సెరినిటీ' అను విహారనౌక దాదాపు వేయిమంది యాత్రికులతో ప్రయాణించినది. త్రోవలో ఆగిన ఉలుక్‌హక్‌తోక్ అను గ్రామంలో ఉన్న జనాభా సుమారు 400. మన భువనగిరి చుట్టుప్రక్కల ఏదేని ఒక చిన్న పల్లెకు, ఆ పల్లె జనాభాకు రెండింతల మంది ఒకే దినాన కెమెరాలతో దిగితే ఎట్లా ఉండునో ఊహించుకొనవచ్చును. గ్రామస్థులు చేతిపనులు అమ్ముకొని నాలుగు డబ్బులు సంపాదించుకొన్నారన్నది నిజమే, దానిని మేము కాదనము. కాని ఒక్క పూటలో ఎవరు ఎవరిని తెలుసుకొనగలరు?

ఇక ప్రమాదముల మాట. 2023 సెప్టెంబరులో గ్రీన్‌లాండు ఈశాన్య తీరంలో 206 మందితో పోతున్న 'ఓషన్ ఎక్స్‌ప్లోరర్' నౌక బురదనేలలో చిక్కుకొనిపోయినది. సహాయం చేయవలసిన గస్తీ ఓడ రెండువేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నది. మూడు దినాల పిదప దానిని లాగి బయటకు తెచ్చినది చేపల సంపదపై పరిశోధన చేసే ఒక ప్రభుత్వ నౌక. పేరునకు అన్వేషకుడైన ఓడను నిజముగా అన్వేషణ చేసే ఓడ వచ్చి రక్షించినది! ఇట్టివాటిని గమనించియే ధ్రువ జలాలలో తిరిగే ఓడలకు 2017 జనవరి నుండి ప్రత్యేక అంతర్జాతీయ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలోని రక్షిత ప్రాంతాలకు 2025 నుండి 200 మందికి మించిన యాత్రికులతో నౌకలు రారాదు; ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరం పాటించవలె. మంచి నిబంధనలే.

అసలు ఈ నౌకలు ఇంత సులభంగా ఎట్లా పోగలుగుతున్నవి? మంచు కరుగుట వలన. 1980 దశకంలో ప్రతి సెప్టెంబరులోను ఆర్కిటిక్ సముద్రంపై సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలి ఉండేది. 2012లో అది 34 లక్షలకు పడిపోయినది. 1979 నుండి ఆ ప్రాంతం భూగోళపు సగటు కంటె దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కినదని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. అనగా రోగి మంచం పట్టినాడు గనుక ఇంట్లోకి పోవడానికి తలుపులు తెరిచి ఉన్నవి. పరామర్శకు పోయేవాడు ఒకడు, వైద్యానికి పోయేవాడు మరొకడు, వింత చూడబోయేవాడు ఇంకొకడు.

'ఎక్కడి ఆర్కిటిక్, ఎక్కడి మూసీ నది?' అని విద్యార్థులు అడుగవచ్చును. సైబీరియాకు ఉత్తరాన ఉన్న కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికి, మన దేశపు మధ్య ప్రాంతంలో సెప్టెంబరు నెలలో పడే అతివృష్టికి సంబంధం ఉండవచ్చునని గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు 2021లో ప్రకటించినారు. 2020 అక్టోబరు 13న మన పొరుగున ఉన్న ఘట్‌కేసర్‌లో ఒక్క దినాన 30 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసి మూసీ పొంగినది. ఆ వాన బంగాళాఖాతపు వాయుగుండం వలన కురిసినది. దానిని ఆర్కిటిక్ పద్దులో వ్రాయడం తొందరపాటు. ఏ వాన ఏ పద్దులో వ్రాయవలెనో తేల్చి చెప్పగల మనుషులు కావలె. వారు మన మధ్య నుండి రాకూడదా?

వచ్చినవారు లేకపోలేదు. 1981 డిసెంబరు 6న గోవా నుండి బయలుదేరిన భారతదేశపు తొలి అంటార్కిటిక్ బృందమునకు నాయకుడు డాక్టర్ సయ్యద్ జహూర్ ఖాసిం. అలహాబాదులో పుట్టి, అలీగఢ్‌లో చదివి, సముద్ర శాస్త్రమునకు జీవితమును అంకితం చేసినవాడు. 21 మంది సభ్యులతో 1982 జనవరి 9న మంచుఖండంపై అడుగుపెట్టినాడు. పిదప జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా పనిచేసి, 2015లో పరమపదించినాడు. మన విద్యార్థులలో ఎందరికి ఆ పేరు తెలియును? సినిమా నటుల పుట్టినరోజులు తెలిసినంత మందికి తెలియదని మాత్రం చెప్పగలము.

ఉత్తరాన కూడ మనకు ఒక ఇల్లున్నది. స్వాల్‌బార్డ్‌ను గురించిన ఒడంబడికపై 1920లో బ్రిటిషువారు భారతదేశం పక్షాన కూడ సంతకం చేసినారు. ఆ హక్కును పని కొరకు వాడుకొనుటకు మనకు 87 సంవత్సరాలు పట్టినది. 2007లో మన తొలి బృందం అక్కడికి పోయినది. 2008 జూలైలో నీ-ఓలెసున్ అను స్థలంలో, ఉత్తర ధ్రువమునకు సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో, 'హిమాద్రి' అను పరిశోధన కేంద్రం వెలసినది. 2014లో అక్కడి సముద్రపు పాయలో నీటి వేడిమిని, ఉప్పదనాన్ని ఏడాది పొడుగునా కొలిచే యంత్రాలను మనవారు దింపినారు. 2023 డిసెంబరు నుండి చీకటి రాత్రులలో కూడ మన శాస్త్రజ్ఞులు అక్కడ పని సాగిస్తున్నారు. విహారనౌకలు ఆ ఊరికి కూడ వస్తవి. దిగినవారు తమ ఫోనుల సంకేతాలను ఆపివేయవలె, లేనిచో అక్కడి రేడియో దూరదర్శిని పనికి భంగం. ఒకే వీధిలో ఒకరు కొలుస్తున్నారు, మరొకరు ఫోను ఆపుకొని చూస్తున్నారు.

మతధర్మం పాటించేవారు అంత దూరాన ఎట్లా బ్రతుకుతారని అడిగే తల్లిదండ్రుల కొరకు ఒక మాట. సూర్యుడు వారాల తరబడి అస్తమించని, ఉదయించని ఇనువిక్ అను కెనడా పట్టణానికి 2010లో ఒక చిన్న మసీదు వచ్చినది. వచ్చినది అనే మాట నిజార్థంలోనే. విన్నిపెగ్ నగరంలో కట్టి, లారీపై, పిదప నదిలో పడవపై నాలుగువేల కిలోమీటర్లు తెచ్చి నిలిపినారు. నమాజు వేళలకు, ఉపవాసానికి అక్కడివారు ఒక ఏర్పాటు చేసుకొన్నారు. ఉద్యోగం చేసుకొంటూ కాపురాలు చేస్తున్నారు.

ఇప్పుడు మన ఊరికి వద్దాము. త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోస్తున్న మన ఏకశిలా దుర్గం ప్రక్కన నిత్యం నడిచిపోతున్నాము. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినిగా మొదటిసారి త్రాడు పట్టి రాతిని ఎక్కడం నేర్చుకొన్నది ఈ గుట్టపైననే. 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండక మునుపే, ఎవరెస్టు శిఖరమునెక్కినది. 2019లో అంటార్కిటికాలోని విన్సన్ శిఖరము కూడ ఎక్కినది. ఎక్కడినుండో వచ్చిన పిల్లకు మన గుట్ట బడి అయినది. మన పిల్లలకు అది ఆదివారం పల్లీలు తినే స్థలమైనది, మరికొందరికి పేర్లు చెక్కే పలక అయినది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇందుకు సంబంధించినదే. ప్రతి సంవత్సరం మన కళాశాల నుండి ఒక విహారయాత్ర పోతున్నది. అది పూర్తిగా మగపిల్లల యాత్రయే. ఖర్చు భరించలేని వారు అందులోను రారు. అంటార్కిటికాలోని మన 'భారతి' కేంద్రంలో 2013లో నెలకొల్పిన యాంటెన్నాలు ఉపగ్రహాల సమాచారాన్ని అందుకొని షాద్‌నగరుకు పంపుచున్నవి. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఆ షాద్‌నగరుకే! దక్షిణ ధ్రువపు మాట వచ్చి వాలుతున్న స్థలమునకు మనము బస్సులో ఒక పూటలో పోగలము. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇంకను దగ్గర. ఈసారి యాత్ర అక్కడికి పోవలెనని, ఉపాధ్యాయినుల రక్షణలో ఆడపిల్లలు కూడ పోవలెనని, బీదవిద్యార్థుల బస్సు ఖర్చు కళాశాల నిధి నుండి ఇవ్వవలెనని మేము కోరుతున్నాము. ఉదయం పోయి మగ్రిబ్ వేళకు ఇల్లు చేరవచ్చును గనుక రాత్రి బసను గురించిన అభ్యంతరం కూడ ఉండదు.

'ఊటీకి పోయే పిల్లలు ఉపగ్రహ కేంద్రమునకు వస్తారా?' అని ఒక పెద్దమనిషి నవ్వినారు. కొందరు రాకపోవచ్చును. వచ్చినవారు ముందుగా ఒక్కొక్క ప్రశ్న వ్రాసి ఇవ్వవలెనని, తిరిగి వచ్చిన పిదప దానికి దొరికిన సమాధానాన్ని ఈ పత్రికకే, ఉర్దూలోగాని తెలుగులోగాని, వ్రాసి ఇవ్వవలెనని నియమం పెట్టవచ్చును. అట్టి కేంద్రాలను చూడడానికి ముందుగా అనుమతి పొందవలసి ఉంటుంది. వార్షిక పరీక్షల హడావుడి మొదలగుటకు మునుపే, డిసెంబరు నెలలోపుగా, ప్రిన్సిపాలుగారి సంతకంతో ఆ లేఖ పోవలె.