గోడల ఫోటోలు సరే, నేత ఖాతా తలుపు ఎవరికి మూశారు?

పాత మిల్లుల మీద కొందరికి కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది. మూతపడ్డ బట్టల మిల్లుల్లోకి కెమెరాలతో దూరుతున్నారు. పొగగొట్టం, పగిలిన అద్దాలు, తుప్పు పట్టిన మగ్గాలు ఫోటోలు తీసి 'వారసత్వ సంపద' అంటున్నారు. ముంబై పరేలు మిల్లులైనా, నిజాం కాలాన 1934లో వరంగల్లులో పెట్టిన ఆజంజాహి మిల్లైనా ఇదే మోజు.

తియ్యండి, వద్దనం. ఒక్క మాట అడుగుతాం. ఆ మిల్లులో మాకు మూసేసిన తలుపు ఫోటో మీ దగ్గరుందా?

ముంబై మిల్లుల్లో అంటరానివాళ్ళని నేత ఖాతాలోకి రానివ్వలేదు. ఎందుకో తెలుసా? నాడెలో కండె అయిపోతే కొత్తది పెట్టాలి. దాని నూలు కొసని నాడె కన్నంలోంచి నోటితో పీల్చి లాగాలి. మనవాడి ఎంగిలి తగిలిన నూలు పక్కవాడు ముట్టడట! కూలి ఎక్కువొచ్చేది నేత ఖాతాలోనే. అదే మనకి మూశారు. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ సంగతి మీద కార్మిక నాయకుల్నే నిలదీశారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్ రైల్వే దళిత కార్మికుల సభలో మళ్ళీ ఎత్తిచూపారు. బ్రాహ్మణీయం, పెట్టుబడిదారీ విధానం, రెండూ మనకి శత్రువులేనన్నారు.

తమాషా చూడండి. తెలుగు ఊళ్ళలో ముతక గుడ్డ నేసినవాళ్ళలో మాలలున్నారు. తోలు పదును చేసే విద్య మాదిగలది. ఆ రోజుల్లో మిల్లు యంత్రాలు తిరిగింది తోలు పట్టాల మీదే. నేత మనకొచ్చు, తోలు మనకొచ్చు. మగ్గం మాత్రం ముట్టరాదు!

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన ముంబైలో రెండున్నర లక్షల మంది సమ్మెకి దిగారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కార్మికులు వీధిన పడ్డారు. ఫీనిక్స్ మిల్లు షాపింగ్ మాల్ అయింది. దాదర్‌లో ఇందూ మిల్లు కథ వేరు. 2011 డిసెంబర్ 6న మనవాళ్ళు గేటు దాటి లోపలికెళ్ళి కూర్చున్నారు. అక్కడ అంబేడ్కర్ స్మారకానికి 2015లో శంకుస్థాపన జరిగింది. ఫోటో తీసుకుని ఇంటికెళితే ఆ నేల దక్కేదా?

ముంబై సంగతి మనకెలా తెలిసింది? అడిగినవాడు, రాసినవాడు ఉన్నాడు గనక తెలిసింది. మరి మన ఏలూరు జూట్ మిల్లు సంగతి ఎవరడిగారు?

దెందులూరు, పెదపాడు, కొల్లేరు లంకల కుర్రాళ్ళూ! మీ చేతుల్లోనూ ఫోన్లున్నాయి. గోడల ఫోటోలు తర్వాత తియ్యొచ్చు. ముందు మన పేటల్లో మిల్లు పని చేసిన తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర కూర్చోండి. ఏ ఖాతాలో పెట్టారు తాతా? మేస్త్రీది ఏ కులం? మంచినీళ్ళ కుండ ఒకటా, రెండా? ఆడవాళ్ళకి ఎంతిచ్చారు? అడగండి. జీతం చీటీ, గేటు పాసు, పీఎఫ్ కాయితం ఉంటే వాటి ఫోటో తియ్యండి. ఊరు, ఏడు రాయండి. పేరు వద్దంటే వెయ్యకండి. వాళ్ళు పోయాక అడుగుదామంటే చెప్పేవాళ్ళుండరు.

ఇటుకల చరిత్ర రాయడానికి చాలామంది ఉన్నారు. ఆ ఇటుకలు మోసినవాళ్ళ చరిత్ర మనమే రాసుకోవాలి.

జై భీమ్!