పత్తి స్లాట్ దొరకని రైతు లెక్కలో ఉన్నాడా? జవాబు సర్వర్ లాగ్‌లోనే!

పత్తి అమ్మాలంటే ఇప్పుడు ముందు ఫోన్ తీయాలి. 2025-26 సీజన్ నుంచి సీసీఐకి అమ్మే రైతు ‘కపాస్ కిసాన్’ యాప్‌లో రిజిస్టర్ అయి, స్లాట్ బుక్ చేసుకుని, ఆ తర్వాతే బండి కట్టాలి. 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కి రూ.8,110గా ఉంది. స్లాట్ దొరక్కపోతే? బయట వ్యాపారి చెప్పిందే రేటు. ఇంట్లో పెట్టుకుని ఆగుదామంటే తేమ గొడవ. 8 శాతం దాటితే ధర తగ్గిస్తారు, 12 దాటితే అసలు కొనరు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను వానలకి చేలు తడిసిన గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు ఇది చిన్న విషయం కాదు.

ఇలాంటి యాప్‌ల దగ్గర ఎప్పుడూ ఒకటే వాదన. రైతేమో ‘ఓపెన్ కావట్లేదు’ అంటాడు. ఆఫీసులో ‘సర్వర్ బాగానే పనిచేస్తోంది’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు! ఎలాగంటే...

యాప్ అయినా, వెబ్‌సైట్ అయినా, మనం బటన్ నొక్కిన ప్రతిసారీ అవతలి సర్వర్ ఒక లైన్ రాసుకుంటుంది. ఏ ఐపీ అడ్రస్ నుంచి, ఎన్ని గంటలకి, ఏం అడిగారు, ఏం జవాబిచ్చాం... ఇదే లాగ్ ఫైల్. కిరాణా కొట్టు చిట్టా లాంటిదే, కాకపోతే రోజుకి లక్షల లైన్లు. జవాబు ఒక నంబర్‌గా ఉంటుంది. 200 అంటే ఇచ్చేశాం. 404 అంటే ఆ పేజీ లేదు. 503 అంటే ఇప్పుడు కుదరదు, సర్వర్ మీద లోడ్ ఎక్కువైంది.

మరి ఆఫీసుల్లో పెద్ద స్క్రీన్ మీద కనిపించే గ్రాఫ్‌లు? అవి చాలావరకు లాగ్ చూసి గీసినవి కావు. గూగుల్ అనలిటిక్స్ లాంటి టూల్స్ పేజీ ఫోన్‌లో లోడ్ అయ్యాకే లెక్కపెడతాయి. సిగ్నల్ సరిగ్గా లేక పేజీ సగంలో ఆగిపోయిన మనిషి ఆ లెక్కలోకి రాడు. అంటే ఎవరికి ఎక్కువ ఇబ్బందో వాళ్లే గ్రాఫ్‌లో ఉండరు. లాగ్‌లో మాత్రం దొరుకుతారు. ఇంజిన్‌ఎక్స్ అనే సర్వర్‌లో దీనికి ప్రత్యేకంగా 499 అనే కోడ్ ఉంది. జవాబు వచ్చేలోపే అవతలి ఫోన్ కనెక్షన్ తెగిపోయిందని దానర్థం. విసుగొచ్చి మూసేశారా, సిగ్నల్ పోయిందా అన్నది అది చెప్పదు. కానీ ఒకే గంటలో 499లు గుట్టలుగా పడితే ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకో తిరకాసు ఉంది. ‘స్లాట్లు ఖాళీ లేవు’ అనే మెసేజ్ కూడా చాలా యాప్‌లలో 200గానే నమోదవుతుంది. సర్వర్ దృష్టిలో జవాబు ఇచ్చేసింది, పని అయిపోయింది! అందుకే ‘99 శాతం సక్సెస్’ అనే మాట విన్నప్పుడు, ఎంతమందికి జవాబొచ్చింది అని కాదు, ఎంతమందికి స్లాట్ వచ్చింది అని అడగాలి.

‘కోట్లలో హిట్లు వచ్చాయి’ అనే మాటా అంతే. పదో తరగతి ఫలితాల రోజు ప్రతిసారీ వింటాం. ఒక్క పేజీ తెరిస్తే ఫొటో, లోగో, అక్షరాల ఫైల్ అన్నీ కలిపి పదుల హిట్లు పడతాయి. మీరు చూసే వీడియో కూడా ముక్కలుగానే వస్తుంది. ఆరు సెకన్ల ముక్కలైతే రెండు నిమిషాల బులెటిన్‌కి 20 హిట్లు. రిఫ్రెష్ కొట్టేవాళ్లు, బాట్‌లు వేరే. 2024లో ఇంటర్నెట్ ట్రాఫిక్‌లో 51 శాతం మనుషులది కాదని ఇంపర్వా సంస్థ రిపోర్ట్ చెప్పింది.

సరే, ఐపీ అడ్రస్‌లు లెక్కపెడితే మనుషులు తేలిపోతారా? తేలరు. మొబైల్ నెట్‌వర్క్‌లలో వందలమంది ఒకే ఐపీ వెనక ఉండొచ్చు. రైతు సేవా కేంద్రంలో ఒక ఉద్యోగి ఊళ్లో సగం మందికి ఒకే ఫోన్‌లో బుక్ చేసినా లాగ్‌లో కనిపించేది ఒకే ఐపీ. టైమ్ కూడా చూసుకోవాలి. చాలా సర్వర్లు అంతర్జాతీయ సమయం రాస్తాయి. గుంటూరులో ఉదయం 10 అయితే లాగ్‌లో 04:30. ఇది మర్చిపోతే, పొద్దున పడిన రద్దీని ‘తెల్లవారుజామున ఎవరో చేసిన దాడి’ అనుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి రైతు లాగిన్ ఐడీని పట్టుకుని చూడాలి. ఒక్కో ఐడీ ఎన్ని రోజులు ప్రయత్నించింది, చివరికి బుక్ అయిందా, మధ్యలో వదిలేసిందా? జిల్లాల వారీగా ఈ మూడు లెక్కలు బయటపెడితే చాలు, గుంటూరుకి కొనుగోలు కేంద్రాలు తక్కువయ్యాయా, సర్వర్ తక్కువయిందా తేలిపోతుంది. పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీలు బయటికి ఇవ్వక్కర్లేదు. ఇవ్వకూడదు కూడా.

ఈ రికార్డులు ఉంటాయా అంటే, ఉండాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు సహా అందరూ లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. సమాచార హక్కు చట్టం ఎలక్ట్రానిక్ డేటానీ సమాచారంగానే చూస్తుంది. రైతు సంఘాలు అడగాలనుకుంటే మాత్రం తేదీ చూసుకోవాలి. నవంబర్ 1న రాసిన లైన్‌కి ఆ గడువు ఏప్రిల్ 30తో అయిపోతుంది.