కొండవాలు పచ్చి ఆకు ఖర్చులేని ఎరువు కాదు

వరి మడిని దమ్ము చేసే ముందు సమీపంలోని గుట్టల నుంచి తంగేడు, కానుగ, వెంపలి రొట్టను కోసి తెచ్చి తొక్కించడం రాయలసీమ రైతుకు తరతరాల అలవాటు. రసాయనిక ఎరువుల వాడకాన్ని తగ్గించాలన్న సదుద్దేశంతో విస్తరణ సిబ్బంది దీనిని ఖర్చులేని ఎరువుగా ప్రోత్సహించడం సహజమే. అయితే ఈ లెక్కలో పొలానికి జమ అయిన పోషకాలే కనిపిస్తాయి. కొండ కోల్పోయినవి కనిపించవు.

పాలకొండ, శేషాచలం శ్రేణులలో విస్తారంగా కనిపించేది క్వార్ట్‌జైట్ శిల. దానిలో సిలికా అధికం, మొక్కకు ఉపకరించే ఖనిజాలు స్వల్పం. అటువంటి శిలపై అడవి క్షీణించి, పైమట్టి కొట్టుకుపోయిన వాలులలో పోషకాలను పట్టి నిలిపేవి పొదలే. పొద కింది మట్టిలో సేంద్రియ కర్బనం, నత్రజని చుట్టూ ఉన్న బయలు మట్టిలోకంటె అధికంగా ఉంటాయన్నది మెట్ట ప్రాంతాల అధ్యయనాలలో పదేపదే తేలిన విషయం.

ఈ నిల్వ కొనసాగడానికి ఆకు అక్కడే పండి రాలడం అవసరం. రాలే ముందు ఆకులోని నత్రజని, భాస్వరాలలో సగటున దాదాపు సగాన్ని మొక్క తన కొమ్మలలోకి తిరిగి తీసుకుంటుంది. మిగిలినది నేలపై కుళ్ళి, సూక్ష్మజీవుల ద్వారా మరల వేర్లకు అందుతుంది. పచ్చి ఆకును కోసినప్పుడు ఈ రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి.

ఇవి కాయజాతి మొక్కలు కనుక నత్రజని లోటు వాటంతటవే తీర్చుకుంటాయన్న వాదం కొంతమేరకే సరియైనది. కానుగ, వెంపలి వేర్లకు బుడిపెలు ఉంటాయి. తంగేడు అదే కుటుంబానికి చెందినదైనా దానికి బుడిపెలు ఏర్పడవు. దాని ఆకులోని నత్రజని ఆ మట్టి నుంచి తీసుకున్నదే. ఇక భాస్వరాన్ని గాలి నుంచి పొందగల మొక్క ఏదీ లేదు. శిల శిథిలమై దానిని విడుదల చేసే వేగం కొడవలి వేగానికి సాటిరాదు.

కోసిన పొద మళ్ళీ చిగురిస్తున్నది గదా అని కొందరు అంటారు. ఆ చిగురు మోడులోను, వేర్లలోను దాచుకున్న నిల్వల నుంచి వచ్చినది. నేల సారానికి అది నిదర్శనం కాదు. ఆకు కప్పు తొలగిన వాలుపై వాన నేరుగా పడి మట్టిని కోస్తుంది. ఆ మట్టి చేరేది కొండ కింది చెరువులోనికే. ఆకు కోసిన రైతు మడికి నీరిచ్చేదీ తరచుగా ఆ చెరువే.

కనుక పచ్చి ఆకు ఎరువును మానవలసిన పని లేదు. దానిని తెచ్చే చోటు మారాలి. పొలం గట్లపై గ్లైరిసీడియా పెంపకం, వరి తరువాత మడిలో వెంపలి విత్తడం ఇందుకు అనువైన మార్గాలు. గట్టు మొక్కలు కోతకు వచ్చే వరకు కొండ ఆకు తప్పనిసరి అయిన చిన్న రైతులకు నిటారు వాలులను విడిచి, ఏటా ఒకే చోట కోయకుండా, రాలిన ఆకును ఊడ్చకుండా ఉండే పద్ధతిని సూచించాలి.

పరిశోధక విద్యార్థులు మడిలోని దిగుబడితో పాటు, కోసిన వాలులోను కోయని వాలులోను పొద కింది మట్టిని కూడ పరీక్షించాలి. రెండు చోట్లా లెక్క సరిపోయిన సిఫారసునే రైతు ముందుంచడం ఉచితం.