మన మగత లెక్కలోకి రాదా?

సంక్రాంతికి బూజు దులిపిన మర్నాడు మా నాయుడుపేటలో ఏ ఇంటికి పోయినా తుమ్ములే. వరి కోతలప్పుడు పొట్టు దుమ్ము, ఖాళీ జాగాల్లో వయ్యారిభామ సరేసరి. కళ్లు దురద పెట్టి ముక్కు కారుతుంటే మందుల షాపుకు ఎవరినో పంపి, "జలుబు మాత్ర తీసుకురా" అంటాం. దాని పేరేంటో మాత్రం అడగం.

అడగాలనే నేనంటాను. దుమ్ము పడనప్పుడు ఒంట్లో హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. తుమ్ములకూ దురదకూ అదే కారణం. దాన్ని అడ్డుకునే మాత్రల్లో రెండు తరాలున్నాయి. అవిల్, క్లోర్‌ఫెనిరమిన్ పాతవి. అవి మెదడులోకీ వెళ్తాయి కాబట్టి మగత తెస్తాయి. సిట్రిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ తర్వాతి తరం. వీటితో మగత తక్కువ. అయినా సిట్రిజిన్ కొందరికి నిద్ర తెప్పిస్తుంది. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో వేసుకుంటే సరిగా పనిచేయదు, మంచినీళ్లతోనే వేసుకోవాలి.

మగతగా ఉందంటే ఇంట్లో వచ్చే మాట మీకూ తెలుసు. "నువ్వేమన్నా బండి తోలాలా? ఇంట్లోనే కదా ఉండేది!" మందుల మీద హెచ్చరిక కూడా బండ్లు, యంత్రాల గురించే. మరి బాణలిలో కాగే నూనె? కత్తిపీట? నీళ్ల తొట్టి దగ్గర ఆడుకునే రెండేళ్ల బిడ్డ? వీటి ముందు కునికితే ప్రమాదం కాదా? రాత్రి వేసుకున్న పాతరకం మాత్ర మత్తు పొద్దున పొయ్యి వెలిగించేటప్పటికీ వదలకపోవచ్చు. ఇంటిపని పనే అయితే, ఆ పని చేసే మనిషి మెలకువకూ విలువ ఉండాలి.

పిల్లల సంగతి ఇంకా జాగ్రత్త. "తాగిస్తే హాయిగా పడుకుంటాడులే" అని జలుబు సిరప్ పోసే అలవాటు మనలో ఉంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని దాని మీద రాయాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. సీసా వెనక్కి తిప్పి చదవండి.

ముక్కు దిబ్బడ వదలకపోతే మాత్రలు పెంచుకుంటూ పోవద్దు. దానికి ముక్కులో కొట్టుకునే స్ప్రేలు మేలు, డాక్టరు రాస్తారు. కళ్ల దురదకు అలర్జీ చుక్కలున్నాయి. స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వేసుకోకండి. కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గ్లాకోమా ఉన్నవాళ్లు ఏ మాత్రకైనా ముందు డాక్టరును అడగాలి.

ఈసారి షాపులో రెండే ప్రశ్నలు అడగండి: "దీని పేరేంటి? మగత వస్తుందా?" అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. అనుకున్నా పర్లేదు, పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదా!