ఖిద్మత్ ఎవరి ఫర్జ్?

గుంటూరులో మా అమ్మీకి 78 ఏళ్లు. మోకాళ్లు మొరాయించాయి. పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి యాద్ ఉండదు. భాయిజాన్ జెద్దాలో, నేను హైదరాబాద్‌లో. నెలనెలా పైసలు పంపి, జుమ్మా రోజు ఫోన్ చేసి, అమ్మీ ఖిద్మత్ చేస్తున్నామని బేఫికర్‌గా ఉన్నాం. వుజూ చేయించేదీ, మందులిచ్చేదీ, రాత్రి మూడుసార్లు లేచేదీ భాభీ.

మొన్న భాభీవాళ్ల అబ్బా మంచాన పడ్డారు. రెండు రోజులైనా మైకాకు వెళ్లలేకపోయింది. "అమ్మీని ఎవరి మీద వదిలి వెళ్లను చెప్పండి?" అంది ఫోన్లో. నా దగ్గర జవాబ్ లేదు.

అమ్మానాన్నల ఖిద్మత్ ఔలాద్ ఫర్జ్ అంటాం. చేసేది మాత్రం కోడలు. అత్తమామల ఖిద్మత్ కోడలి మీద ఫర్జ్ కాదని, చేస్తే అది ఆమె ఎహసాన్ అని ఎందరో ఉలమా చెబుతూనే ఉన్నారు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా జిమ్మేదారీని కొడుకులు, కూతుళ్లు, పెద్దయిన మనవలు, మనవరాళ్ల మీదే పెట్టింది. ఆ వరసలో కోడలి పేరు లేదు. అయితే ఆ చట్టం ఇప్పించేది నెలకు 10,000 రూపాయలలోపు ఖర్చే. అమ్మీ తన్‌హాయికి అది దవా కాదు.

అందుకే పక్క గల్లీ ఖాలాను అడిగాం. పది నుంచి నాలుగు దాకా ఉంటుంది. నర్సు కాదు, సూదులు వేయదు. పక్కన కూర్చుంటుంది, అన్నం తినిపిస్తుంది. అమ్మీ తన నికాహ్ కిస్సా వందోసారి చెప్పినా కొత్తగా వింటుంది. "కన్నతల్లిని పరాయిదాని చేతిలో పెడతారా, ఇజ్జత్ లేదా?" అన్నారు రిష్తేదార్లు. అన్నవాళ్లలో ఒక్కరూ ఒక పూట వచ్చి అమ్మీ దగ్గర కూర్చోలేదు.

ఖాలాకూ హఖ్ ఉంది. టైముకు తన్‌ఖా, వారానికో చుట్టీ. ఇత్వార్ ఆమె చుట్టీ, నా డ్యూటీ. మొదటి ఇత్వార్ అమ్మీని మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టేసరికే నా నడుం పట్టేసింది. భాభీ ఆరేళ్లుగా చేస్తున్న పని అది. ఆ రోజు భాభీ మైకాలో, వాళ్ల అబ్బా పక్కన ఉంది.

మీ ఇంట్లో భాభీని ఒక్కసారి అడగండి, ఆఖరిసారి మైకాకు ఎప్పుడు వెళ్లారని.