అమ్మ మంచం పక్కన ఎవరు?

మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024లో 3,000 నుంచి 4,000 రూపాయలకు పెరిగింది. పక్షవాతం వంటి జబ్బుతో పూర్తిగా మంచాన పడినవారికి 5,000 నుంచి 15,000 అయింది. దానికి వైద్యుల ధ్రువపత్రం కావాలి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎందరో ముసలివాళ్ల మందులు ఈ డబ్బుతోనే గడుస్తున్నాయి. అయితే ఒక కొడుకు హైదరాబాదులో, ఇంకొకడు గల్ఫులో, కూతురు విశాఖలో ఉన్న ఇంట్లో తల్లి మంచం పడితే ఆమెను లేపి కూర్చోబెట్టేదెవరు? స్నానం చేయించేదెవరు? ఆయాను పెట్టుకోవాల్సిందే.

లెక్క వేసి చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. మట్టి పనికిచ్చిన ఆ కూలినే ఆయాకు ఇచ్చినా 30 రోజులకు 9,210 అవుతుంది. లేవలేని మనిషికి రాత్రీ పగలూ తోడు కావాలి. ఎనిమిదేసి గంటలకు ఒకరు చొప్పున ముగ్గురైతే 27,630 రూపాయలు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం ట్రిబ్యునల్ ఇప్పించగల నెల మొత్తానికి 10,000 పరిమితి పెట్టింది. అంటే ఒక్క ఆయా జీతం.

మిగతా సొమ్ము ఎక్కడినుంచి వస్తోంది? చాలా ఇళ్లలో ఊళ్లో ఉండిపోయిన కోడలి రెక్కల నుంచి. ఆమె మానుకున్న కూలి, కుట్టుపని ఎవరి లెక్కలోకీ రావు. డబ్బు పంపే కొడుకును మెచ్చుకుంటాం గాని, పక్క దులిపి గుడ్డలుతికే కోడలి పేరు సాక్ష్యాల్లో వినబడదు. మోయాబు దేశపు కోడలు రూతు గురించి మాత్రం ఎన్ని ప్రసంగాలో!

మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు ప్రభువు కొర్బాను సంగతి ఎత్తాడు. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవునికి అర్పించేశానని చెప్పి చేతులు దులుపుకొనే కొడుకులను, దాన్ని సమర్థించే మతపెద్దలను ఆయన గద్దించాడు. ఇది మన సంఘాలకు తగిలే మాటే. తల్లి దగ్గర మనిషిని పెట్టడానికి చాలని జీతంలో నుంచి మందిర నిర్మాణానికి కానుక ఇస్తానని విశ్వాసి వస్తే, ముందు అమ్మ సంగతి చూడమని కాపరి చెప్పాలి. చెప్పడం కష్టమే, సంఘం నడిచేది ఆ కానుకలతోనే గదా. అయినా పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో బాధ్యతను మొదట పిల్లల మీద, మనుమల మీద పెట్టాడు. ఎవరూ లేని విధవరాండ్ర కోసం సంఘపు సొమ్మును మిగల్చమన్నాడు. అలాంటి తల్లులు మన సంఘాల్లో ఉన్నారు. వారికి ఆయా జీతం సంఘ బడ్జెట్టులోనే రాయాలి.

ఇక ఆ ఆయా కూడా ఒకరి కోడలే. తన అత్తను చిన్నపిల్లకు అప్పజెప్పి వస్తుంది. ఒక్క మనిషి జీతమిచ్చి ముగ్గురి పని చేయించుకుంటే, బిగబట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో హెచ్చరించింది మనకే. వారానికో సెలవు ఆమెకు దక్కాలి. ఆదివారం ఆ మంచం దగ్గర ఎవరు కూర్చోవాలో ఇంటి ఆడపిల్లలూ కొడుకులూ వంతులు వేసుకోవచ్చు. వారు ఊళ్లో లేకపోతే స్త్రీల సమాజం ఒక పట్టిక వేసి, ఇద్దరిద్దరిని పంపవచ్చు.