మందుతోపాటు పరీక్ష

చరకసంహితలో నిదానస్థానము ముందును, చికిత్సాస్థానము వెనుకను ఉన్నవి. వ్యాధి స్వరూపము తేలనిదే మందు పెట్టరాదను వైద్యధర్మమునకు ఈ క్రమము తగియున్నది. క్యాన్సరు చికిత్స శతాబ్దకాలపు ప్రయోగముల తరువాత మరల ఆ ధర్మమునకే వచ్చి చేరినది. ఒకే అవయవమున పుట్టి, ఒకే పేరుతో పిలువబడి, సూక్ష్మదర్శినిలో ఒకే ఆకృతితో కనబడు రెండు కంతులలో ఒకటి మందునకు లొంగును, రెండవది లొంగదు. ఏది లొంగునో ముందుగా తెలుపు గురుతును, లొంగుచున్నదో లేదో మధ్యమధ్య తెలుపు గురుతును శాస్త్రజ్ఞులు జీవసూచిక యందురు. అది రక్తమునందలి మాంసకృత్తు కావచ్చును. కణములోని జన్యువునందు వచ్చిన మార్పు కావచ్చును. 2022లో మన దేశమున క్రొత్తగా క్యాన్సరు కనబడినవారు 14 లక్షల 61 వేలమంది యని జాతీయ నమోదుశాఖవారి అంచనా. వీరికి మందు దొరకవలెనని దేశము చాలకాలముగా అడుగుచున్నది. ఆ మందు ఎవరికి పనిచేయునో తేల్చు పరీక్షయు దొరకవలెనని అంత గట్టిగా అడుగుట లేదు. ఈ రెండును వేఱుకావని చెప్పుటకే మేమీ మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్న మన ఆంధ్రునితో సంబంధము లేనిది కాదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో అమినాప్టెరిన్ అను ఔషధము తయారయ్యెను. దానిని బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరుతో బాధపడు పిల్లలకిచ్చి, ఫలితములను 1948 జూనులో ప్రకటించిరి. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను, అదియు తాత్కాలికమే. అంతకుముందు ఆ వ్యాధిని కొంతకాలమైనను వెనుకకు నెట్టగల మందు లేదు గనుక, లోకము ఆ పదిమందిని చూచి ఆశ్చర్యపడెను. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కీర్తిశేషులైరి. తక్కిన ఆరుగురు పిల్లలకు ఆ మందేల పనిచేయలేదు? నాడు దీనికి సమాధానము చెప్పు సాధనము లేదు. తరువాతి తరముల వైద్యులు వెదకినది ఆ సాధనమునే.

ఆ వెదకులాట యెంత అవసరమో జెఫిటినిబ్ అను ఊపిరితిత్తుల క్యాన్సరు మాత్ర చరిత్ర తెలుపుచున్నది. 2003లో అమెరికా దానిని అనుమతించెను. కొలదిమంది రోగులలో కంతులు చూచుచుండగనే కరగిపోయెను. ఎక్కువమందికి ఏ మేలును కలుగలేదు. 1,692 మందిపై జరిగి 2005లో ప్రకటితమైన ప్రయోగములో, అందఱిని కలిపి లెక్కించినపుడు, ఆ మాత్ర ఆయువును చెప్పుకోదగినంత పెంచలేదని తేలెను. ఆ యేడే అమెరికా ప్రభుత్వము దాని వాడుకకు కట్టుబాట్లు విధించెను. మందు పని అయిపోయినదనియే అనేకులు తలచిరి.

కాని 2004లోనే బోస్టను శాస్త్రజ్ఞులు రహస్యమును కనుగొనియుండిరి. కణముపైనుండి పెరుగుదల సంకేతములను లోనికి పంపు ఇ.జి.ఎఫ్.ఆర్. అను గ్రాహకమొకటి కలదు. దాని జన్యువులో కొన్ని మార్పులు వచ్చిన కంతులు ఆ గ్రాహకముపైననే ఆధారపడి బ్రతుకును. మాత్ర ఆ గ్రాహకమును అణచివేయును గనుక అట్టి కంతులు కూలిపోవును, తక్కినవి చలింపవు. తూర్పు ఆసియా దేశములలో 1,217 మందిపై జరిగిన ప్రయోగము 2009లో దీనిని నిస్సందేహముగా రుజువు చేసెను. జన్యువులో మార్పు ఉన్నవారిలో నూటికి 71 మందికి మాత్రవలన కంతి తగ్గెను. మార్పు లేనివారిలో నూటికి ఒక్కరికి మాత్రమే తగ్గెను. వారికే పాత రసాయన చికిత్స ఇచ్చినపుడు నూటికి 23 మందికి గుణము కనబడెను. అనగా ఒకరికి అమృతమైన మాత్ర, మఱియొకరికి చేతిలోనున్న మంచి చికిత్సను తప్పించి విలువైన మాసములను హరించినదన్నమాట.

ఇందులో ఇంకొక పాఠము కలదు. ఆ ప్రయోగమునకు ఎంచుకొన్నవారు పొగత్రాగనివారు, లేక కొద్దిగా త్రాగి మానినవారు. ఇట్టివారికే మాత్ర పనిచేయునని నాటి వైద్యుల ఊహ. అట్లు ఏరి కూర్చినవారిలోను, పరీక్షింపబడిన ప్రతి అయిదుగురిలో ఇద్దరికి ఆ మార్పు లేదు. అలవాటును బట్టియు, మొగమును బట్టియు చేయు ఊహ ఎంత అనుభవజ్ఞునిదైనను పరీక్షకు సాటిరాదు. మందు మారలేదు, మోతాదు మారలేదు. ఎవరికీయవలెనో తెలిసినది, అంతమాత్రముననే 2015లో అమెరికా ఆ మందును, ఈ మార్పు ఉన్నవారి కొఱకు, మరల అనుమతించెను.

స్త్రీల రొమ్ముక్యాన్సరు విషయమున ఈ ధర్మము మఱింత ముందుగనే స్థిరపడినది. ఈస్ట్రోజన్ గ్రాహకమున్న కంతులకు టమాక్సిఫెన్ వంటి మాత్రలు పనిచేయును. లేనివానికి అవి పనికిరావు. హెర్-2 జన్యువు అతిగా పెరిగిన కంతులు ఇంచుమించు అయిదింట ఒకటి. ట్రాస్టుజుమాబ్ వానికే ఉద్దేశింపబడినది. 1998లో అమెరికా ఆ మందును అనుమతించిన దినముననే దాని పరీక్షనుకూడ అనుమతించెను. మందును పరీక్షయు కవలలవలె లోకమునకు వచ్చినవి.

రక్తక్యాన్సరులలో ఒక రకమునకు వాడు ఇమాటినిబ్ కథ మనకు మఱింత దగ్గఱిది. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఆ మందు యొక్క క్రొత్త రూపమునకు పేటెంటు నిరాకరించుటచే, స్వదేశీ కంపెనీల చౌకమాత్రలకు అడ్డు లేకపోయెను. ప్రపంచమంతయు ఆ తీర్పును గమనించెను. అయితే ఈ వ్యాధిలో మాత్ర ఇచ్చుటతో వైద్యము ముగియదు. వ్యాధికి మూలమైన జన్యుసంకేతము రక్తములో ఎంత మిగిలియున్నదో కొన్ని నెలలకొకసారి కొలువవలెను. అది వేయింట ఒక వంతునకు దిగినచో మాత్ర బాగుగా పనిచేయుచున్నదని ధైర్యము. దిగినది మరల పెరిగినచో మందు మార్చవలసిన కాలము వచ్చియుండవచ్చును. ఆ హెచ్చరిక అందనివాడు పనిచేయని మాత్రను నమ్మకముతో మ్రింగుచుండును. మాత్ర జిల్లా పట్టణమునకు వచ్చినది. పరీక్ష చాలచోట్ల మహానగరమును దాటి రాలేదు. మాత్రను చౌకచేయగలిగిన దేశము పరీక్షను చౌకచేయలేదా?

బీదదేశమునకు ఇట్టి పరీక్షలు విలాసములనియు, ముందు సకాలమున శస్త్రచికిత్స అందిన చాలుననియు కొందఱందురు. శస్త్రచికిత్స అందవలెననుటలో మాకును భేదాభిప్రాయము లేదు. కాని ఖరీదైన మందును గ్రుడ్డిగా పదిమందికి పంచి ఇద్దరికో ముగ్గురికో మేలుచేయుట పొదుపు ఎట్లగును? డబ్బున్న దేశము అట్టి వ్యయమును భరింపగలదు; మనము భరింపలేము. మఱియు, అన్ని పరీక్షలును ఖరీదైనవి కావు. ఈస్ట్రోజన్ గ్రాహకమును గుర్తించుటకు కంతి తునుకకు రంగువేసి సూక్ష్మదర్శినిలో చూచు పద్ధతి చాలును. ప్రభుత్వ వైద్యకళాశాలల పాథాలజీశాఖలలో ఇది సాధ్యమైన పని.

అయినను పరీక్ష యను పేరుగల ప్రతిదానిని నెత్తికెత్తుకొనరాదు. అండాశయ క్యాన్సరు నయమైన స్త్రీల రక్తములో సి.ఎ.125 అను పదార్థము మరల పెరిగినంతనే, బాధ కలుగకముందే చికిత్స మొదలిడినచో మేలని అందఱును నమ్మియుండిరి. 529 మంది స్త్రీలపై జరిగి 2010లో ప్రకటితమైన ప్రయోగములో, ఇంచుమించు అయిదు నెలలు ముందుగా చికిత్స పొందినవారు తక్కినవారికంటె ఎక్కువకాలము జీవింపలేదని తేలెను. ముందుగా కలిగినవి చికిత్సవలని కష్టములే. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంతి జన్యువుల తీరునుబట్టి ఏ మందు పనిచేయునో చెప్పగలమని 2006లో ప్రకటించిరి. దానిని నమ్మి రోగులపై ప్రయోగములును ఆరంభింపబడెను. టెక్సాసులోని ఇద్దరు గణాంకశాస్త్రజ్ఞులు లెక్కలను మరల వేసిచూడగా తప్పులు బయటపడెను. ప్రయోగములు ఆగిపోయెను, 2011లో ఆ వ్యాసము ఉపసంహరింపబడెను. గురుతు కనబడుట వేఱు. దానిని అనుసరించుటవలన రోగికి మేలు కలుగుట వేఱు. ఈ రెండవది రుజువైన పరీక్షలకే ప్రజల ధనము ఖర్చుపెట్టవలెను.

పరుల దేశములలో కనుగొనిన గురుతులతోనే తృప్తిపడుటయు తగదు. పిల్లల రక్తక్యాన్సరుకు వాడు మెర్కాప్టోప్యూరిన్ కొందఱిలో రక్తకణములను ప్రమాదకరముగా తగ్గించును. ఐరోపా జాతులలో దీనికి ముఖ్యకారణమైన జన్యుభేదము చిరకాలముగా తెలిసినదే. ఆ భేదము లేని ఆసియా పిల్లలును అట్లే బాధపడుటకు కారణము మాత్రము తెలియరాలేదు. 2014లో కొరియా పరిశోధకులు ఈ మందు జాతికి చెందిన ఔషధమును వాడు ప్రేగువ్యాధి రోగులలో ఎన్.యు.డి.టి.15 అను జన్యువునందలి భేదమును పట్టుకొనిరి. మరుసటి యేడు రక్తక్యాన్సరు పిల్లలలోను అది స్థిరపడెను. ఐరోపావారిలో అరుదైన ఆ భేదము మన దేశమునను ఉన్నది. మనవారి రక్తమును మనము పరీక్షింపనిచో, మన పిల్లల మోతాదును నిర్ణయించు గురుతు ఎవరి గ్రంథములోను దొరకదు.

ఇపుడు చేయవలసినవి స్పష్టములు. ఆరోగ్యశ్రీగాని, ఆయుష్మాన్ భారత్‌గాని మందునకు డబ్బు చెల్లించుచోట, ఆ మందునకు విధిగా ముందుండవలసిన పరీక్షకును తరువాత జరుపవలసిన పరీక్షకును అదే చేతితో చెల్లింపవలెను. ప్రతి జిల్లాలోను జన్యుపరీక్షాశాల పెట్టనక్కరలేదు. రోగి నగరమునకు పోనక్కరయు లేదు. మైనములో భద్రపరచిన కంతి తునుక పోయిన చాలును. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. సంస్థ, విశాఖపట్టణములోని హోమీ భాభా ఆసుపత్రి వంటి కేంద్రములకు జిల్లాల తునుకలు చేరి, ఫలితము నియతదినములలో తిరిగివచ్చు ఏర్పాటు కావలెను. ఆ తునుకను తీసినవారి బాధ్యతయు కలదు. రొమ్ముకంతి తునుక ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ గాకుండ, 72 గంటలకు మించకుండ ఉండవలెనని నియమము. నిర్లక్ష్యముగా నిలువచేసిన తునుక అబద్ధమాడును. ఆ అబద్ధమును ఏ యంత్రమును సరిదిద్దలేదు. రుజువులేని పరీక్షలను ఆశ చూపి అమ్మువారిపై అదుపు ఉండవలెను.

రోగి బంధువులకును ఒక మనవి. మందు వ్రాసియిచ్చిన వైద్యుని, ఇది మావానికి పనిచేయునని తెలుపు పరీక్ష యేదైన కలదాయని వినయముతో అడుగుడు. అడుగుట అవిశ్వాసము కాదు. తునుకను భద్రపరచిన మైనపుదిమ్మ మీది, దానిని పారవేయనీయకుడు. ఇంటిలోని బంగారమమ్మి కొన్న మందు పనికిరానిదని మూడు నెలల తరువాత తెలిసికొనుటకంటె, పది దినములు ముందుగా తెలిసికొనుట ఆ కుటుంబమునకు మేలు. వేలకొలది కుటుంబముల తరఫున మందు కొనుచున్న ప్రభుత్వమునకును ఈ న్యాయమే వర్తించును. మందునకు లక్షలు చెల్లించి, అది ఎవరికి పనిచేయునో తెలిసికొనుటకు వేలు చెల్లింప వెనుదీయుట పొదుపు అనిపించుకొనదు; అది ప్రజల ధనమునకును ప్రజల ప్రాణమునకును చేటు.